నీరు పల్లమెరుగు

ఇల్లు కొనబోయేవాడు గోడలూ దూలాలూ చూస్తాడు. ఎద్దును కొనబోయేవాడు పళ్ళూ గిట్టలూ చూస్తాడు. ఇల్లే బండియై రోడ్డెక్కినప్పుడు కొనబోయేవాడు ఏమి చూడవలెను? పొడుపుకథవలె వినిపించే ఈ ప్రశ్న అమెరికాలో ఎన్నో కుటుంబాలకు నిజంగానే ఎదురవుతున్నది. అక్కడ మోటారు హోమ్ అనే ఒక వాహనవిశేషం ఉన్నది. లారీకో వ్యానుకో ఉండే చట్రంమీద చిన్న ఇంటిని నిర్మించి, అందులో పడకలు, పొయ్యి, మంచినీటి తొట్టి, స్నానపుగది, మరుగుదొడ్డి అమర్చి, ముందువైపు ఇంజనునూ డ్రైవరు ఆసనాన్నీ ఉంచితే అది మోటారు హోమ్. పొద్దుగూకినచోటనే బస, తెల్లవారినచోటనే కాఫీ. సత్రాల వెదుకులాట లేదు. మూటాముల్లె దించి ఎక్కించే శ్రమ లేదు.

ఈ బండ్లకు అమెరికా జీవనంలో ఒక చరిత్ర ఉన్నది. 1960లో నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ తన దేశాన్ని మరల కళ్ళారా చూడవలెనన్న కోరికతో ఒక ట్రక్కుపైన చిన్న గది అమర్చుకొని, చార్లీ అనే కుక్కను తోడు తీసుకొని బయలుదేరినాడు. డాన్ క్విక్సోట్ గుర్రం పేరైన రోసినాంటేను ఆ బండికి పెట్టుకొన్నాడు. ఆ యాత్రను వర్ణించిన గ్రంథం 1962లో వెలువడినది. ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. 1966లో అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊరిలో విన్నెబాగో సంస్థ మోటారు హోములను తయారుచేయడం మొదలుపెట్టినది. కలవారి వేడుకగా ఉండిన బండి క్రమంగా మధ్యతరగతి వాకిటికి వచ్చినది. నేడు ఈ జాతి వాహనాలలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో తయారవుతున్నవి.

వాకిటికి వచ్చినదన్న మాటేగాని, కొత్తబండి ధర సామాన్యుడు సులభంగా మోయగలిగినది కాదు. కాబట్టి చాలమంది ఒకరు వాడిన బండినే కొంటారు. అట్టి బండ్లలో ఒక తరగతి ఉన్నది: మిగిలినవాటికంటె నాలుగవవంతో అయిదవవంతో తక్కువ ధర; చూడటానికి శుభ్రంగా ఉంటుంది; ఇంజను చక్కగా మ్రోగుతుంది. విచారిస్తే అమ్మేవారు ఒక్క వాక్యం చెబుతారు: “ఒకప్పుడు పైకప్పు కురిసినది, బాగుచేయించినాము.” ఈ చిన్న వాక్యంలో రెండు క్రియలున్నవి. మొదటిది నిజమని అమ్మేవారే ఒప్పుకొన్నారు. రెండవది ఎంతవరకు నిజమో తేల్చుకోవడమే కొనేవాని సమస్య.

తెలుగు అధ్యాపకునికి ఈ బండి గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. నావద్ద చదివి, ఇప్పుడు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఇంజనీరుగా ఉన్న ఒక శిష్యుడు రెండేండ్ల క్రిందట నాకు ఉత్తరం వ్రాసినాడు. అతని తండ్రిగారు కృష్ణాజిల్లాలో లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. భార్యాసమేతంగా ఆరునెలలు కొడుకు వద్ద ఉండటానికి వెళ్ళినారు. ఆయనకు ఉబ్బసం. హోటలు గదులలో కార్పెట్ల దుమ్ము పడదు. బయటితిండి అసలే పడదు. సొంత పొయ్యి, సొంత పడక ఉన్న బండి ఒకటి కొంటే అమ్మానాన్నలకు ఆ దేశం చూపించవచ్చునని కుమారుని తలంపు. 2008 నాటి బండి ఒకటి 31,000 డాలర్లకు దొరకుతున్నది. అటువంటివే ఇతర బండ్లు 40,000 పలుకుతున్నవి. తేడాకు కారణం పైన చెప్పిన వాక్యమే. “మాస్టారూ, నాన్నగారు ఒకటంటున్నారు, నేనొకటంటున్నాను. మీరేమంటారు?” అని అతని ప్రశ్న. బండ్ల శాస్త్రం నాకు తెలియదు గనుక తెలిసిన గ్రంథాలు తిరుగవేసినాను. వారు జరిపిన పరీక్షను ఉత్తరాలద్వారా అనుసరించినాను. అందువల్ల తేలిన సంగతులు ఇక్కడ విన్నవిస్తున్నాను.

మొదట ఆ గోడ ఏమిటో తెలిసికోవలెను. మన ఇటుకగోడ తడిసినా, ఎండ కాస్తే చాలవరకు కోలుకొంటుంది. మోటారు హోమ్ గోడ అట్టిది కాదు. అది పొరలు పొరలుగా అతికించిన పలక. పైన ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనుక పలుచని ప్లైవుడ్, మధ్య థర్మోకోల్‌వంటి తేలిక దిమ్మె, లోపల మరల ప్లైవుడ్. వీటి నడుమ కర్రతోగాని అల్యూమినియంతోగాని చేసిన సన్నని చట్రం. ఈ పొరలన్నిటినీ కలిపి ఉంచేది జిగురు. బండి బరువు తగ్గవలెనన్న నియమంతో చేసిన నిర్మాణమిది. నీరు ఒకసారి లోనికి దిగితే ఈ పొరల నడుమ చిక్కుకొంటుంది. గాలి సోకదు, ఎండ తగలదు. జిగురు పట్టు వదులుతుంది. పైరేకు పొంగి గోడమీద అలలు అలలుగా, బుడగలు బుడగలుగా కనిపిస్తుంది. బుడగ కనిపించిందంటే లోపల వ్యాధి ముదిరినదని అర్థం; కనిపించకపోతే వ్యాధి లేదని మాత్రం అర్థం కాదు.

నీరు వచ్చే దారులు చాలభాగం పైననే ఉంటవి. బండి పైకప్పుమీద రబ్బరు పట్టానో ఫైబర్‌గ్లాసునో పరచి, గాలికిటికీలకు, ఏ.సి. యంత్రానికి, గొట్టాలకు రంధ్రాలు పెడతారు. ప్రతి రంధ్రం చుట్టూ, ప్రతి అంచు వెంబడీ సీలెంటు అనే జిగురుపూత ఉంటుంది. ఇల్లు కదలదు, బండి ప్రతి మైలుకూ ఊగుతుంది, మెలికపడుతుంది. ఎండకు పూత పెళుసెక్కుతుంది, చలికి ముడుచుకొంటుంది, వెంట్రుకవాసి పగులు ఏర్పడుతుంది. అందుకే ఏడాదికి రెండుమూడుసార్లయినా పైకెక్కి అతుకులన్నీ చూచుకోవలెనని తయారీదారులే చెబుతారు. డ్రైవరు తలపైన ముందుకు పొడుచుకొనివచ్చిన పడకగది ఉండే బండ్లలో ఆ ముందుమూలలు మరీ సుకుమారమైనవి. ఎదురుగాలితో వాన కొట్టేది అక్కడనే. ఒహాయోవంటి శీతలదేశాలలో మరొక బాధ ఉన్నది. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం నూటికి 9 వంతులు పెరుగుతుంది. శరదృతువులో పగులులో చేరిన చుక్క హేమంతంలో మంచుమేకై ఆ పగులును వెడల్పు చేస్తుంది. వసంతంలో కరగి మరికొంత లోతుకు పోతుంది.

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని మన సామెత. ఇంటి విషయంలో ఈ సామెత మొదటి సగం గొప్ప ఆధారం. పెంకుటింట్లో గోడమీద చార కనిపిస్తే, దానిపైన వాసాల వెంబడి కన్ను నడిపిస్తే తప్పిన పెంకు దొరకుతుంది. బండి విషయంలో ఆ ఆధారమూ చెడినది. ఇంటికి పల్లం ఒకటే. బండికి పల్లం నిలిపిన చోటునుబట్టి మారుతుంది. మిట్టమీద ముందుభాగం ఎత్తుగా నిలిపితే నీరు వెనుకకు పోతుంది. బ్రేకు వేస్తే ముందుకు వస్తుంది. ఎక్కడో ముందుమూల ప్రవేశించిన నీరు వెనుక అలమరలో మరకై తేలవచ్చును. అమ్మేవారు మరక ఉన్నచోట పలక మార్చి, ఆ పైన పూత పూసి, ‘బాగుచేసినాము’ అని నిజాయితీగానే నమ్మవచ్చును. మరకను మాన్పినారు గాని దారిని మూయలేదు.

ఇక కర్ర సంగతి. చివికిన కర్రను ఆంగ్లంలో ‘డ్రై రాట్’ అంటారు, అంటే పొడికుళ్ళు. ఈ పేరు చాలమందిని తప్పుదారి పట్టించినది. నిజానికి పొడికర్ర కుళ్ళదు. కర్రను తినే బూజుజాతికి తేమ కావలెను. కర్రలో తేమ నూటికి 20 వంతులకు లోబడి ఉన్నంతకాలం అది పెరగలేదు. 28, 30 వంతులకు చేరినప్పుడు కర్ర నారలు పూర్తిగా నీటిని త్రాగి, ఆ బూజుకు విందు సిద్ధమవుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో 1910లో స్థాపించిన అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల మొదలుగా కర్రను శాస్త్రీయంగా పరిశీలించినవారు ఈ 20 వంతుల హద్దును నొక్కి చెప్పినారు. ఇందులో కొనేవానికి పనికివచ్చే సూక్ష్మం రెండు విధాలు. కర్ర ఆరితే కుళ్ళడం ఆగుతుంది, ఇది శుభవార్త. కాని పోయిన బలం తిరిగి రాదు. నిద్రించిన బూజు మరల తడి తగిలినప్పుడు మేల్కొనవచ్చును. ఆరడం వేరు, మానడం వేరు.

ఈ సందర్భంలో మన భాషలోని మాటలు నాకు చాల అక్కరకు వచ్చినవి. చూరు కారినప్పుడు మనవారు ‘ఇల్లు కురుస్తున్నది’ అంటారు. వాన కురిసినట్లే ఇల్లు కూడ కురుస్తుంది. బయటి వానకూ లోపలి వానకూ క్రియ ఒకటే. కంటికి కనిపించేది తడి. చేతికి తెలిసేది చెమ్మ. ముక్కుకు తెలిసేది ముక్కవాసన. గోడలోపల కనిపించకుండా నిలిచిపోయేది నెమ్ము. పిల్లవాని రొమ్ము కఫంతో గురగురలాడినప్పుడు తల్లి ‘నెమ్ము చేసినది’ అంటుంది. గోడ జబ్బుకూ గుండెలోని జబ్బుకూ ఒకే మాట వాడిన మన పెద్దలు ఆ రెండింటి చుట్టరికాన్ని గమనించే వాడినారో లేదో గాని, శాస్త్రం ఆ చుట్టరికాన్ని ధ్రువపరచినది. 2009లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన మార్గదర్శకాలలో, చెమ్మకు బూజుకు లోనయిన ఇండ్లలో ఉండేవారికి శ్వాసకోశ లక్షణాలు, ఉబ్బసపు ప్రకోపం ఎక్కువని స్పష్టంగా ఉన్నది. తడిసిన సామగ్రిని 24 మొదలు 48 గంటలలోగా ఆరబెట్టితే చాలవరకు బూజు పట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా. గోడ పొరలలో చిక్కిన నీరు ఆ గడువులో ఆరడం ఎట్లా సాధ్యం? ఉబ్బసం ఉన్న మనిషి ఆ గోడకు రెండు జానల దూరంలో తలపెట్టి నిద్రించవలసిన బండి అది. కనుక నా శిష్యుని ప్రశ్న 9,000 డాలర్ల లాభాన్ని గూర్చినది మాత్రమే కాదు.

కాగితాలు చూస్తే నిజం తెలియదా అన్న సందేహం కలుగుతుంది. వరదలో మునిగిన వాహనానికీ, పైకప్పు కురిసిన వాహనానికీ ఇక్కడ ముఖ్యమైన భేదం ఉన్నది. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను అమెరికా దక్షిణతీరాన్ని ముంచినప్పుడు లెక్కలేనన్ని వాహనాలు నీట మునిగినవి. అట్టివాటికి బీమా సంస్థ పరిహారమిస్తే ఆ సంగతి యాజమాన్యపత్రం మీదికి ఎక్కవచ్చును. ఒక రాష్ట్రపు పత్రాన్ని మరొక రాష్ట్రంలో మార్చి ఆ ముద్రను చెరిపివేసే మోసాలు లేకపోలేదు. వాటిని అరికట్టడానికి 1992 నాటి చట్టంక్రింద దేశవ్యాప్తమైన పత్రసమాచార వ్యవస్థ ఏర్పడినది. కాని పైకప్పు సందునుండి చుక్కచుక్కగా దిగిన నీటికి బీమా లేదు, ముద్ర లేదు, నమోదు లేదు. పత్రం నిర్మలంగా ఉన్నదంటే గోడ నిర్మలంగా ఉన్నదని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో వాహనాలు మునిగిన దృశ్యం మన పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనబోయే మనవారికి కూడ ఈ భేదం తెలిసి ఉండటం మంచిది.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది? ‘ఉన్నది ఉన్నట్లుగా’ అన్న షరతుతో అమ్మితే, వస్తువు బాగుండగలదన్న అంతర్గతమైన హామీ అమెరికా వాణిజ్యచట్టంలో సాధారణంగా తొలగిపోతుంది. వాడిన కార్లు అమ్మే వర్తకుడు హామీ ఉన్నదో లేదో అద్దానికి కాగితమంటించి తెలుపవలెనన్న నిబంధన 1985నుండి ఉన్నది గాని, 8,500 పౌండ్ల స్థూలభారమూ ఆపైన గల బండ్లకు అది వర్తించదు. మోటారు హోములు చాలభాగం ఆ హద్దు దాటినవే. తన బండిని తానే అమ్ముకొనే గృహస్థుకు ఆ నిబంధన అసలే లేదు. కొనేవాని కన్నే కొనేవానికి కావలి.

మన ప్రాచీనులు ఈ విషయం ఆలోచించినవారే. కొన్న తరువాత కలిగే పశ్చాత్తాపాన్ని ధర్మశాస్త్రాలు ‘క్రీతానుశయం’ అనే ప్రత్యేక వ్యవహారపదంగా గుర్తించినవి. యాజ్ఞవల్క్యస్మృతి వస్తువునుబట్టి పరీక్షకు గడువులు విధించినది: ఇనుముకు 1 దినం, పాడిపశువుకు 3, బరువు మోసే పశువుకు 5, రత్నాలకు 7, విత్తనాలకు 10. దాసదాసీజనాన్ని కూడ అదే జాబితాలో చేర్చడం ఆ కాలపు కళంకం. కాని గడువుల వెనుక ఉన్న వివేకం గమనింపదగినది. దోషం ఎంత లోపల దాగితే గడువు అంత ఎక్కువ. ఇనుము పగులు ఒక్కనాట బయటపడుతుంది; విత్తనంలోని చావు మొలకెత్తే దాకా తెలియదు. మోటారు హోమ్ పైకి మోసే పశువే అయినా, లోపల విత్తనపు జాతికి చెందినది.

ఇన్ని తెలిసిన తరువాత అడుగవలసినవి మూడే ప్రశ్నలని నాకు తోచినది. నీరు ఎక్కడ ప్రవేశించినది? ఎంతదూరం పోయినది? ఆగినదనడానికి సాక్ష్యమేమి? ఈ మూడింటికీ జవాబు ఉంటే పాత నీటిదెబ్బ కేవలం ధర తగ్గించే కారణం. బేరమాడి నిశ్చింతగా కొనవచ్చును. మూడవదానికి జవాబు లేకపోతే ఏ ధరా చవక కాదు. ఈ మాటే శిష్యునికి వ్రాసినాను. వారు చేసిన పరీక్ష మాత్రం నా సలహాకంటె మిన్నగా సాగినది.

అమ్మేవారు ఒక వృద్ధ దంపతులు. అయిదేండ్ల క్రిందట ముందుపడక పైమూలనుండి వాన దిగినదనీ, పలక మార్పించి పూత వేయించినామనీ, మరల కురియలేదనీ చెప్పినారు. కిటికీలన్నీ తెరిచి ఉంచినారు. లోపల గాలి హాయిగా ఉన్నది. మాస్టారు కుమారుని చెవిలో, “ఒరే అబ్బాయీ, తలుపులూ కిటికీలూ అన్నీ మూసి ఒక అరగంట ఉంచమని ఆయనను అడుగు. తరువాత చూద్దాం” అన్నారట. అరగంట గడచిన తరువాత మొదట తానే లోనికి వెళ్ళి, పడక పక్కన అలమర తెరిచి ముక్కుపెట్టి చూచినారు. “ఇది మన సామానుగది వాసనరా, శ్రావణమాసంలో వచ్చేది” అన్నారు. నలభై ఏండ్లు కురిసే పెంకుటింట్లో కాపురం చేసిన మనిషి ముక్కు అది.

ముక్కును మాత్రమే నమ్మి ఇతరుల సొత్తును తప్పుపట్టడం న్యాయం కాదని, 800 డాలర్లిచ్చి ఒక స్వతంత్ర పరీక్షకుని రప్పించినారు. అతడు పైకప్పెక్కి ప్రతి అతుకూ చూచినాడు. సాయంకాలం చీకటి పడుతుండగా టార్చిలైటును గోడకు ఏటవాలుగా పట్టి అలలున్నవేమో చూచినాడు. తలుపు వద్ద, స్నానపుగది వద్ద నేలను మడమతో నొక్కి మెత్తదనం పరీక్షించినాడు. లోపలినుండి గాలిని ఊది, బయట అతుకులమీద సబ్బునురుగు పూసినాడు. సందు ఉన్నచోట బుడగ లేచినది. చివరకు మాయిశ్చర్ మీటర్ అనే తేమకొలిచే పరికరంతో గోడలన్నీ తట్టినాడు. కుడిగోడ అంతటా 11, 12 వంతులు. ఎడమవైపు ముందుమూల 27. అక్కడినుండి కిటికీ క్రిందిదాకా 22. మూడు ప్రశ్నలలో మొదటిదానికి జవాబు దొరికినది; మూడవదానికి ‘ఆగలేదు’ అన్న జవాబు దొరికినది. రెండవది గోడలోపలనే ఉండిపోయినది.

మరమ్మతు దుకాణంవారిని అడిగితే, మూలవరకే చెడి ఉంటే 6,000, చట్రం వెంబడి చివికి ఉంటే 15,000 డాలర్లనీ, గోడ విప్పితేగాని చెప్పలేమనీ, తమకు సెప్టెంబరుదాకా తీరిక లేదనీ అన్నారు. అమ్మేవారు మంచివారు, ఇది విని ధరను 27,000కు దించినారు. కుమారునికి ఆశ పుట్టినది. “27కు 6 కలిపితే 33. అయినా 7,000 మిగులుతుంది గదా, నాన్నగారూ?” అన్నాడు. మాస్టారు నల్లబల్ల ముందు నిలిచినట్లే జవాబు చెప్పినారట: “మిగిలేది 6 అయితే. 15 అయితే 42 అవుతుంది. మంచిబండి ధరకంటె 2,000 ఎక్కువ. నీ లెక్కలో అవ్యక్తరాశి ఉన్నదిరా. దానికి నీకు నచ్చిన విలువ వేసుకొంటున్నావు. పెద్ద అంకె వేసి చూడు. అప్పటికీ లాభం కనిపిస్తే కొను. చిన్న అంకెను నమ్మి కొనకు.” ఆపైన సెప్టెంబరు అన్న మాట ఉన్నది. అక్టోబరులో వారు తిరుగు ప్రయాణం కావలసినవారు. బండి బాగుపడేసరికి చూడవలసిన వేసవి గడచిపోతుంది.

వారు కొనలేదు. 12 రోజులకు మరొక బండి అద్దెకు తీసుకొని మిచిగన్ సరస్సు తీరమంతా తిరిగివచ్చినారు. ఒక్క రాత్రి కూడ ఆయనకు ఆయాసం రాలేదని శిష్యుడు వ్రాసినాడు.

అయితే ఈ కథలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచిన ఘట్టం వేరు. కొనమని నిశ్చయించిన తరువాత మాస్టారు ఆ పరీక్షాపత్రాన్ని అమ్మేవారికి ఊరకనే ఇచ్చి రమ్మన్నారు. “800 మనవి గదా నాన్నగారూ, వారికెందుకు?” అంటే, “రేపు అందులో పడుకొనేవాడు ఎవరో మనకు తెలియదు. వాని రొమ్మూ రొమ్మే గదా” అన్నారట. ఆ పత్రం చదువుకొని అమ్మే పెద్దాయన ముఖం చిన్నబోయినది. ఆయన అబద్ధమాడలేదు, తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పినాడు. అబద్ధమాడనివానికి కూడ నిజం తెలియకపోవచ్చును. సామెత రెండవ సగం చెప్పేది ఇదే కాబోలు. కాని ఆ కాగితం చేతికి వచ్చిన క్షణంనుండి తెలియదని అనే వీలు ఆయనకు లేకపోయినది. శీతకాలం రాకముందే గోడ విప్పించినాడు. మూడడుగుల మేర కర్ర చేతితో నలిపితే పొడి అయినదట. ఆ భాగమంతా కోసి తీసి, కొత్త చట్రం వేయించి, అతుకులన్నీ తిరిగి పూయించి, ప్రతి దశలోనూ ఫొటోలు తీయించి, వాటిని బండి కాగితాలతో జతచేసి 38,000 డాలర్లకు అమ్మకానికి పెట్టినాడు. ఆ ధరకే ఎవరో కొన్నారట.

బండి ఒకటే. 31,000కు అది ప్రియమైనది. 38,000కు అది చవకైనది. నడుమ మారినది ధర కాదు, గోడను గూర్చిన జ్ఞానం. ఒకప్పుడు నీరు దిగిన బండిని ముట్టరాదని చెప్పేవారున్నారు, అది భయం. తుడిచి ఆరబెట్టితే చాలునని చెప్పేవారున్నారు, అది ఆశ. విప్పి చూచి, చివికినదానిని తీసివేసి, దారి మూసి, సాక్ష్యం దాచిన బండి ఎన్నడూ తడవని బండికి తీసిపోదు. ఒక్కొక్కప్పుడు దానికంటె మేలు కూడ. ఎందుచేతనంటే తడవనిదని పేరు పొందిన బండి గోడను ఎవరూ విప్పి చూడలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఈ వివేకం కొత్తది కాదు. విద్యార్థి చెరిపి దిద్దిన లెక్కను చూచి, దిద్దుబాటు ఉన్నదని మార్కు తీసివేయరు. దిద్దినది సరిగా దిద్దినాడా లేదా అని మెట్టుమెట్టుగా చూస్తారు. జవాబుమీద సిరా ఒలికి మెట్లు కనిపించకపోతేనే అనుమానిస్తారు. విద్యార్థులు రేపు ఇల్లు కొంటారు, బండి కొంటారు, పొలం కొంటారు. అమ్మేవాని మాట తియ్యగా ఉన్నదా, ధర తక్కువగా ఉన్నదా అని కాక, మెట్లు కనిపిస్తున్నవా అని చూడటం ఇప్పటినుండే అలవడవలెను. అన్నిటికంటె సులభమైన ఉపాయం ఖర్చులేనిది. నీటిదెబ్బ తిన్న ఇంటినిగాని బండినిగాని చూడదలచినవాడు అమ్మేవారు పిలిచిన ఎండనాడు వెళ్ళరాదు. మంచివాన ఒకటి కురిసి వెలిసిన మరునాడు, తలుపులు మూసి ఉండగా వెళ్ళవలెను.